కెమెరా చేతిలో, ఎక్స్‌పోజర్ వేళ్ల కింద: తరచుగా అడిగే ప్రశ్నలు

కెమెరా కొనబోయేవాళ్లు సెన్సర్ గురించి, మెగాపిక్సెళ్ల గురించి అడుగుతారు. కొన్న నెలకు వాళ్లే మళ్లీ వచ్చి అడిగేది డయళ్ల గురించి. ఏది ఎటు తిప్పాలి, అది ఎందుకు పని చేయడం లేదు, వేలు ఎందుకు అందడం లేదు. ఇవే సందేహాలు పదేపదే వస్తున్నాయి కాబట్టి జవాబులన్నీ ఒక చోట పెడుతున్నాను. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది, మీకు కావాల్సిన చోట మొదలుపెట్టండి.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఫొటోలో ఎంత వెలుగు పడాలో నిర్ణయించడమే ఎక్స్‌పోజర్. వ్యూఫైండర్‌లోంచి కన్ను తీయకుండా షట్టర్ స్పీడ్ (వెలుగు లోపలికి వచ్చే సమయం), ఎపర్చర్ (లెన్స్ రంధ్రం వెడల్పు), ఐఎస్ఓ (ఆ వెలుగును కెమెరా ఎంత పెంచి చూపాలన్నది), ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా వేసిన లెక్కను వెలుగు వైపో చీకటి వైపో జరపడం) ఈ నాలుగూ మార్చగలిగితే అది మీకు సరిపోయే కెమెరా. మిగతా గుణాలన్నీ దాని తర్వాతే.

## కొనే ముందు

పైన షట్టర్ స్పీడ్ అంకెలు రాసి ఉన్న డయల్ మంచిదా, పీ-ఏ-ఎస్-ఎం (ప్రోగ్రామ్, ఎపర్చర్ ప్రయారిటీ, షట్టర్ ప్రయారిటీ, మాన్యువల్) మోడ్ డయల్ మంచిదా?

రెండూ మంచివే. వాడే మనిషి తీరును బట్టి ఉంటుంది. అంకెల డయళ్లంటే ఫూజీఫిల్మ్ ఎక్స్-టీ వరుస, నికాన్ జడ్ఎఫ్, లైకా ఎం లాంటివి. వీటిలో కెమెరా ఆఫ్‌లో ఉన్నా పైనుంచి ఒక్క చూపులో సెట్టింగులు తెలుస్తాయి. ఇలాంటి ఫూజీల్లో మోడ్ డయలే ఉండదు. షట్టర్ డయల్ మీద ఒక 'ఏ' (ఆటో), ఎపర్చర్ రింగు మీద ఇంకో 'ఏ' ఉంటాయి. రెండూ 'ఏ'లో పెడితే ప్రోగ్రామ్ (రెండూ కెమెరాయే చూసుకుంటుంది), ఎపర్చర్‌కు అంకె ఇస్తే ఎపర్చర్ ప్రయారిటీ (షట్టర్ మాత్రం కెమెరా చూసుకుంటుంది), షట్టర్‌కు ఇస్తే షట్టర్ ప్రయారిటీ, రెండింటికీ ఇస్తే మాన్యువల్. ఈ తర్కం ఒకసారి పట్టుబడితే చాలా హాయిగా ఉంటుంది.

కష్టం ఎక్కడంటే వేగం దగ్గర. 1/125 సెకను నుంచి 1/2000కు పోవాలంటే నాలుగు స్టాపులు (ఒక్కో స్టాప్‌కు వెలుగు సగమో రెట్టింపో అవుతుంది), డయల్‌ను నాలుగు మెట్లు తిప్పాలి. అంకెల డయళ్లు సాధారణంగా పూర్తి స్టాపుల్లోనే ఉంటాయి, మధ్య విలువలకు ఇంకో చిన్న చక్రం తిప్పాలి. అన్నిటికంటే పెద్ద చిక్కు, దాచుకున్న కస్టమ్ సెట్టింగ్ పిలిచినా డయల్ దానంతట అది తిరగదు. అది 1/60 దగ్గర ఉంటే 1/60 దగ్గరే ఉంటుంది. మోడ్ డయల్ కెమెరాలో మాత్రం ఒక్క మెట్టు తిప్పగానే మొత్తం సెటప్ మారిపోతుంది.

నెమ్మదిగా, ఆలోచించి తీసేవాళ్లకు అంకెల డయళ్లు. పక్షులు, ఆటలు, వేదిక మీది కార్యక్రమాలు తీసేవాళ్లకు మోడ్ డయల్, రెండు చక్రాలు. ఫూజీఫిల్మ్ కూడా 2020లో ఎక్స్-ఎస్10కీ, 2022లో ఎక్స్-హెచ్2కీ మోడ్ డయలే పెట్టింది.

ఒకే చక్రం ఉన్న కెమెరా కొంటే తర్వాత బాధపడతానా?

ఎపర్చర్ ప్రయారిటీలోనే ఎక్కువగా తీస్తే పెద్దగా తేడా తెలియదు. మాన్యువల్‌లో తెలుస్తుంది. ఒక చక్రం షట్టర్‌కు పోతుంది, ఎపర్చర్ మార్చాలంటే బొటనవేలితో ఒక బటన్ నొక్కి పట్టుకుని అదే చక్రం తిప్పాలి. అలవాటు చేసుకోవచ్చు, కానీ వెలుగు క్షణక్షణం మారే చోట ఆ బటన్ అడ్డమే. మాన్యువల్ నేర్చుకోవాలన్న పట్టుదల ఉంటే, కొత్త మోడల్లో ఒక చక్రం ఉన్నదాని కంటే పాత మోడల్లో రెండు చక్రాలున్నదే తీసుకోమంటాను.

షాపులో చేతికిచ్చినప్పుడు ఏం చూడాలి?

ముందు మీరు వాడబోయే లెన్స్ తగిలించమనండి. ఖాళీ బాడీ ఎవరి చేతికైనా బాగానే అనిపిస్తుంది. పట్టు మంచిదా కాదా తెలిసేది బరువైన జూమ్ వేశాకే.

తర్వాత కన్ను వ్యూఫైండర్‌కు ఆనించి, చూపుడు వేలు షట్టర్ బటన్ మీద పెట్టండి. అక్కడి నుంచి ముందు చక్రానికి వేలు జారాలి, ఎగరకూడదు. బొటనవేలు వెనక చక్రం మీద పడినప్పుడు మిగతా వేళ్ల పట్టు సడలుతోందేమో చూడండి. సడలితే ఆ చక్రం మీకు దూరంగా ఉన్నట్టే. ఉంగరపు వేలి గోరు లెన్స్‌కు రాసుకుంటోందా? గ్రిప్‌కూ లెన్స్‌కూ మధ్య సందు చాలడం లేదన్నమాట, లావు వేళ్ల వాళ్లకు ఇది రోజూ ఉండే బాధ. చిటికెన వేలు కిందికి జారిపోతుంటే, ఆ మోడల్‌కు అడుగున బిగించే గ్రిప్ పొడిగింపు దొరుకుతుందేమో అడగండి. చిన్న కెమెరాల్లో ఇది చాలా సాధారణం, పరిష్కారం కూడా తేలికే.

చివరగా కళ్లు మూసుకుని ఐఎస్ఓ బటన్ వెతకండి. పక్క బటన్ కంటే కొంచెం ఎత్తుగానో, గుంటగానో, ఒక చుక్కతోనో ఉంటే వేలికి తెలుస్తుంది. అన్నీ ఒకేలా, ఒకే మట్టంలో ఉంటే చీకట్లో ప్రతిసారీ తప్పు బటనే నొక్కుతారు.

పది నిమిషాలు చేతిలోనే ఉంచుకోండి. మొదటి నిమిషంలో బాగుందనిపించిన అంచు పదో నిమిషానికి అరచేతిలో గుచ్చుకోవచ్చు.

కళ్లద్దాలు ఉన్నాయి. వ్యూఫైండర్ అంచుల్లో ఉన్న అంకెలు కనిపించడం లేదు. ఎక్స్‌పోజర్ ఎలా చూసుకోవాలి?

స్పెసిఫికేషన్లలో ఐ పాయింట్ అని మిల్లీమీటర్లలో ఇస్తారు. కన్ను ఎంత దూరంలో ఉన్నా ఫ్రేమ్ మొత్తం కనిపిస్తుందో చెప్పే కొలత అది. అద్దాల వాళ్లకు ఈ అంకె ఎంత పెద్దదైతే అంత మంచిది. చాలా ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్లలో బొమ్మను కొంచెం చిన్నగా చేసి, సమాచారాన్ని లోపలికి జరిపే ఎంపిక మెనూలో ఉంటుంది. అది పెట్టుకోండి. అద్దాలు తీసేసి తీయాలనుకుంటే పక్కనున్న డయాప్టర్ చక్రాన్ని అంకెలు స్పష్టంగా కనిపించేదాకా తిప్పండి. దృశ్యాన్ని చూసి తిప్పకండి, అంకెల్ని చూసి తిప్పండి.

నాది ఎడమచేతి వాటం. నాకంటూ కెమెరా ఉందా?

ఇప్పటి మార్కెట్లో దాదాపు లేనట్టే. 1936లో వచ్చిన కీనె ఎగ్జాక్టాకు షట్టర్ బటన్, ఫిల్మ్ తిప్పే లివర్ రెండూ ఎడమవైపే ఉండేవి, కానీ ఆ దారి నిలబడలేదు. ఆచరణలో ఇది భయపడినంత కష్టం కాదు. ఎపర్చర్ రింగు ఉన్న లెన్స్ తీసుకుంటే ఎక్స్‌పోజర్‌లో ముఖ్యమైన పని మీ బలమైన చేతికే వస్తుంది. కెనాన్ 2018లో ఆర్ఎఫ్ లెన్సులకు పెట్టిన కంట్రోల్ రింగు కూడా ఇలాగే పనికొస్తుంది, దానికి ఎపర్చర్, ఐఎస్ఓ, కాంపెన్సేషన్ ఏదైనా అప్పగించవచ్చు.

## మొదటి రోజులు

మంచి ఫొటోగ్రాఫర్లంతా మాన్యువల్‌లోనే తీస్తారట కదా?

కాదు. ఈ మాట ఎంతమంది కొత్తవాళ్లను నిరుత్సాహపరిచిందో! వృత్తిలో ఉన్నవాళ్లు పనిని బట్టి మోడ్ మారుస్తారు. స్టూడియోలో ఫ్లాష్ లైట్లుంటే మాన్యువల్, ఎందుకంటే వెలుగు మారదు. వీధిలో నడుస్తూ తీసేటప్పుడు ఎపర్చర్ ప్రయారిటీ, ఎందుకంటే ప్రతి మలుపుకీ వెలుగు మారుతుంది. ఎగిరే పక్షికి షట్టర్ స్పీడ్ తమ చేతిలో ఉంచుకుని ఐఎస్ఓను కెమెరాకు వదిలేస్తారు.

మీరు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే. ఈ ఫొటోలో దేని మీద నిర్ణయం నాది, దేన్ని కెమెరాకు వదలొచ్చు? ముఖం వెనక భాగం మసకబారాలంటే ఎపర్చర్ మీది. పరుగెత్తే పిల్లాడు స్పష్టంగా రావాలంటే షట్టర్ మీది. అన్నీ తెలిసిన వెలుగులో, తొందర లేనప్పుడు మూడూ మీవి. నేర్చుకోవడానికి మాత్రం ఎపర్చర్ ప్రయారిటీతో పాటు కాంపెన్సేషన్ చక్రం చాలు. ఈ రెండింటితో ఏళ్ల తరబడి గొప్పగా తీయవచ్చు.

ఒక కెమెరా మీద ఏవీ, టీవీ అని ఉంది, ఇంకోదాని మీద ఏ, ఎస్ అని ఉంది. తేడా ఏమిటి?

ఏమీ లేదు. కెనాన్, పెంటాక్స్ మీద ఏవీ అంటే ఎపర్చర్ ప్రయారిటీ, టీవీ అంటే షట్టర్ ప్రయారిటీ. నికాన్, సోనీ వాటినే ఏ, ఎస్ అంటాయి.

ముందు చక్రానికి ఏది, వెనక చక్రానికి ఏది పెట్టుకోవాలి?

చూపుడు వేలు షట్టర్ బటన్ కూడా నొక్కాలి, దానికి రెండు పనులు. బొటనవేలు ఎక్కువసేపు ఖాళీ. అందుకే క్షణక్షణం మార్చేది బొటనవేలికి, అప్పుడప్పుడు మార్చేది చూపుడు వేలికి ఇవ్వమంటాను. ఎపర్చర్ ప్రయారిటీలో మీరు ఎఫ్4 పెట్టి చాలాసేపు దాన్ని ముట్టుకోరు, కాంపెన్సేషన్ మాత్రం ప్రతి దృశ్యానికీ కదులుతుంది. అంటే కాంపెన్సేషన్ బొటనవేలికి, ఎపర్చర్ చూపుడు వేలికి. కెనాన్ పెద్ద బాడీల్లో వెనకనున్న పెద్ద చక్రం మొదటి నుంచీ ఈ పని చేస్తోంది. నికాన్‌లో కాంపెన్సేషన్‌కు మామూలుగా షట్టర్ పక్కనున్న చిన్న బటన్ నొక్కాలి, కానీ కస్టమ్ మెనూలో ఈజీ ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ ఆన్ చేస్తే బటన్ లేకుండా చక్రంతోనే అయిపోతుంది.

ఏది పెట్టుకున్నా ఒక నెల మార్చకండి. వేళ్లకు నేర్చుకునే సమయం ఇవ్వాలి.

చక్రం కుడికి తిప్పితే ఫొటో చీకటవుతుందో వెలుగవుతుందో ఎప్పుడూ తికమకే. ఏం చేయాలి?

అంకెలు పెరగడం వేరు, వెలుగు పెరగడం వేరు. తికమకకు కారణం ఇదే. షట్టర్ అంకె పెరిగితే ఫొటో చీకటి, ఐఎస్ఓ అంకె పెరిగితే వెలుగు. చాలా కెమెరాల్లో చక్రం దిశను మెనూలో తిప్పేసుకోవచ్చు. ఒక పద్ధతి చెబుతాను. ఏ చక్రమైనా కుడికి తిప్పితే ఫొటో వెలుగయ్యేలా పెట్టుకోండి, లేదా అన్నీ చీకటయ్యేలా పెట్టుకోండి. ఏదైనా సరే, రెండు చక్రాలకూ ఒకే నియమం ఉండాలి. అప్పుడు వేలికి గుర్తుంచుకోవాల్సింది ఒకటే. మీటర్ (వెలుగును కొలిచే సాధనం) గీత మీద కూడా ప్లస్ ఏ వైపు ఉందో చూడండి. పాత నికాన్‌లలో ప్లస్ ఎడమవైపు ఉండేది, దాన్ని తిప్పే సెట్టింగ్ మెనూలోనే ఉంది.

స్టాప్‌లో మూడో వంతు మెట్లా, అర స్టాప్ మెట్లా?

మూడో వంతు మెట్లలో మూడు క్లిక్కులకు ఒక స్టాప్, అర స్టాప్‌లో రెండు క్లిక్కులకే. జేపెగ్ (కెమెరాయే సిద్ధం చేసిన ఫొటో ఫైలు) నేరుగా ఇచ్చేవాళ్లకు మూడో వంతు సూక్ష్మత కావాలి. రా (సెన్సర్ సమాచారాన్ని అలాగే దాచే ఫైలు) తీసి తర్వాత సరిచేసేవాళ్లకు అర స్టాప్ చాలు, చేతి పని తగ్గుతుంది.

## తీసేటప్పుడు

మాన్యువల్‌లో కాంపెన్సేషన్ చక్రం తిప్పుతున్నా ఫొటో మారడం లేదు. కెమెరా పాడైందా?

పాడవలేదు. కాంపెన్సేషన్ అనేది కెమెరా తీసుకునే నిర్ణయానికి మీరు చెప్పే సవరణ. షట్టర్, ఎపర్చర్, ఐఎస్ఓ మూడూ మీరే పెట్టేస్తే సవరించడానికి కెమెరా నిర్ణయం ఏదీ మిగలదు. కొన్ని కెమెరాల్లో మీటర్ సున్నా మాత్రం జరుగుతుంది, ఫొటో అలాగే ఉంటుంది. ఐఎస్ఓను ఆటోలో పెడితే ఆ చక్రానికి మళ్లీ పని దొరుకుతుంది. కొన్ని పాత మోడళ్లలో మాత్రం మాన్యువల్, ఆటో ఐఎస్ఓ కలిసి ఉన్నా కాంపెన్సేషన్ ఇవ్వరు. సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు ఇది తప్పక చూసుకోవాలి.

తెల్ల గోడ, తెల్ల బట్టలు బూడిద రంగులో వస్తున్నాయి. ప్లస్ వైపా, మైనస్ వైపా?

ప్లస్ వైపు. మీటర్ చూసిన దృశ్యాన్ని మధ్యస్థ బూడిద రంగు వెలుగుకు తేవాలని చూస్తుంది. ఫ్రేమ్ నిండా తెలుపు ఉంటే దాన్ని కిందికి లాగుతుంది, కాబట్టి మీరు ఒక స్టాప్, ఒక్కోసారి ఒకటిన్నర పైకి తేవాలి. ఫ్రేమ్ నిండా నలుపు ఉంటే మైనస్. వెనక నల్లటి తెర, ముందు ఒకే మనిషి మీద లైటు ఉన్న వేదిక దగ్గర మైనస్ వేయకపోతే ముఖం తెల్లగా కాలిపోతుంది, ఆ వివరం మళ్లీ తిరిగి రాదు.

ఎక్స్‌పోజర్‌లో అసలైన నేర్పు ఇక్కడే ఉందని నా నమ్మకం. కెమెరా ఎక్కడ పొరబడుతుందో నొక్కకముందే పసిగట్టి, బొటనవేలితో రెండు మూడు క్లిక్కులు వేయడం. అందుకే కాంపెన్సేషన్‌ను మెనూలో దాచిపెట్టిన కెమెరాను, మిగతా గుణాలు ఎన్ని ఉన్నా, నేను ఎవరికీ సిఫారసు చేయను.

సంచిలోంచి తీసేసరికి కాంపెన్సేషన్ చక్రం తిరిగిపోయి ఉంటోంది. ఏం చేయాలి?

కెమెరా పైకి ఎత్తేటప్పుడు బొటనవేలితో దాన్ని ఒకసారి తడిమి, వ్యూఫైండర్‌లో సున్నా చూసుకోండి. చక్రానికి లాక్ ఉంటే వాడండి. లాకుల్లో కూడా రకాలున్నాయి. 2014 నాటి ఫూజీఫిల్మ్ ఎక్స్-టీ1లో ఐఎస్ఓ డయల్ తిప్పాలంటే మధ్యలోని బటన్ నొక్కి పట్టుకునే ఉండాలి, అంటే రెండు వేళ్ల పని. 2016లో వచ్చిన ఎక్స్-టీ2లో ఒకసారి నొక్కితే లాక్, ఇంకోసారి నొక్కితే స్వేచ్ఛ. ఈ రెండో రకమే మంచిది, లాక్ కావాలా వద్దా అనేది వాడేవాడి ఇష్టానికి వదిలింది. సోనీ 2021లో ఏ7 ఫోర్‌లో ఆ చక్రం మీద అంకెలే తీసేసి, లాక్ పెట్టి, వేరే పనికి కూడా వాడుకునే వీలు ఇచ్చింది.

ఆటో ఐఎస్ఓ వాడితే అది మాన్యువల్ కాదంటున్నారు. నిజమా?

పేరు సంగతి అలా ఉంచండి, పద్ధతి అద్భుతమైనది. షట్టర్, ఎపర్చర్ రెండూ ఫొటో రూపాన్ని మారుస్తాయి, ఒకటి కదలికను, ఇంకోటి స్పష్టత లోతును. ఐఎస్ఓ ప్రధానంగా వెలుగును సర్దుతుంది, దానికి కట్టే వెల నాయిస్, అంటే ఫొటోలో చుక్కచుక్కలుగా కనిపించే గరుకుతనం. కాబట్టి రూపం మీరు చూసుకుని లెక్క కెమెరాకు వదలడం తెలివైన పంపకం. పెంటాక్స్ 2006లోనే కే10డీలో టీఏవీ పేరుతో దీనికో ప్రత్యేక మోడ్ పెట్టింది. కెనాన్ 2018లో ఈఓఎస్ ఆర్‌తో ఎఫ్‌వీ మోడ్ తెచ్చింది, అందులో షట్టర్, ఎపర్చర్, ఐఎస్ఓల్లో ఏది ఆటోనో ఏది మీదో అక్కడికక్కడే మార్చుకోవచ్చు.

రెండు హద్దులు మాత్రం పెట్టుకోండి. ఒకటి గరిష్ఠ ఐఎస్ఓ, మీరు భరించగలిగేంత. రెండోది ఎపర్చర్ ప్రయారిటీలో పనికొచ్చే కనిష్ఠ షట్టర్ స్పీడ్. కూర్చున్న మనిషికి 1/125, నడిచేవాళ్లకు 1/250, ఎగిరే పక్షికి 1/2000 దగ్గర మొదలుపెట్టండి. మబ్బులు వచ్చిపోతున్నప్పుడు ఒకే వరుసలో తీసే ఫొటోలన్నీ ఒకేలా రావాలంటే మాత్రం ఐఎస్ఓ కూడా స్థిరంగా ఉంచాలి.

వ్యూఫైండర్‌లో ఫొటో ఎలా వస్తుందో ముందే కనిపిస్తోంది. ఇక మీటర్ ఎందుకు?

కనిపించేది ఆ చిన్న స్క్రీన్ వెలుగు. మీరు ఎండలో ఉంటే అదే బొమ్మ చీకటిగా, గదిలో ఉంటే వెలుగుగా తోస్తుంది. స్క్రీన్ వెలుగు మారినా హిస్టోగ్రామ్ (ఫొటోలో చీకటి, వెలుగు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫు) మారదు. తెలుపు కాలిపోయే చోట చారలు చూపించే జీబ్రా ఉంటే ఇంకా సులువు, చారలు కనిపిస్తే మైనస్ ఒక క్లిక్. ఇంకో సంగతి, స్టూడియో ఫ్లాష్‌తో తీసేటప్పుడు వ్యూఫైండర్ నల్లగా ఉందని చాలామంది కంగారు పడతారు. ఫ్లాష్ వెలుగు కెమెరాకు ముందుగా తెలియదు కదా. మెనూలో ఎక్స్‌పోజర్ ప్రివ్యూ ఆఫ్ చేయండి, బొమ్మ మామూలుగా కనిపిస్తుంది.

ఏఈ లాక్ (కొలిచిన ఎక్స్‌పోజర్‌ను మారకుండా ఆపే) బటన్ నొక్కి పట్టుకోవాలా, ఒకసారి నొక్కితే చాలా?

రెండు రకాలూ పెట్టుకోవచ్చు. ఒక్క ఫొటో కోసమైతే నొక్కి పట్టుకోవడం మంచిది, వదలగానే పోతుంది. పనోరమాకో, అదే వెలుగులో పది ఫొటోలకో అయితే ఒకసారి నొక్కే రకం.

ఫోకస్‌ను వెనక బటన్‌కు మార్చుకోమంటున్నారు. ఎక్స్‌పోజర్‌కు దీనితో ఏం సంబంధం?

ఉంది. మామూలుగా షట్టర్ బటన్ సగం నొక్కితే ఫోకస్ మొదలవుతుంది, కెమెరాను బట్టి ఎక్స్‌పోజర్ కూడా అప్పుడే లాక్ కావచ్చు. ఒకే వేలికి రెండు మూడు నిర్ణయాలు. ఫోకస్‌ను వెనకనున్న ఏఎఫ్-ఆన్ బటన్‌కు ఇస్తే అవి విడిపోతాయి. ఫోకస్ ఒకచోట, వెలుగు కొలిచేది మరోచోట ఉండవచ్చు. కానీ బొటనవేలు ఆ బటన్ మీదే ఉండిపోతుంది కాబట్టి వెనక చక్రం తిప్పడం కష్టమవుతుంది. ఈ పద్ధతికి మారేవాళ్లు కాంపెన్సేషన్‌ను ముందు చక్రానికో, లెన్స్ రింగుకో తరలించుకోవాలి. ఆ రెండో అడుగు వేయకే చాలామంది వారంలో పాత పద్ధతికి తిరిగి వస్తారు.

## చేయి తిరిగాక

మోడ్ డయల్ మీది సీ1, సీ2, సీ3లో (సొంత సెట్టింగులు దాచుకునే చోట్లలో) ఏం దాచుకోవాలి?

రోజూ వాడే సెట్టింగులు కాదు, హఠాత్తుగా అవసరమయ్యేవి. సీ1లో వేగం: 1/2000, ఆటో ఐఎస్ఓ, కంటిన్యువస్ ఫోకస్, బర్స్ట్ (వరుసగా ఫొటోలు). సీ2లో ట్రైపాడ్: కనిష్ఠ ఐఎస్ఓ, రెండు సెకన్ల టైమర్. సీ3 ఖాళీగా ఉంచినా నష్టం లేదు. చాలా కెమెరాల్లో ఆ మోడ్‌లో ఉండగా చేసిన మార్పులు డయల్ తిప్పగానే చెరిగిపోయి దాచినవి తిరిగి వస్తాయి. ఇది లోపం కాదు, మీరు ఎప్పుడు తిరిగినా తెలిసిన చోటికే చేరతారు.

రెండు వేర్వేరు కంపెనీల కెమెరాలు ఒకేసారి వాడుతున్నాను. చేతులు గందరగోళపడుతున్నాయి.

పడతాయి. కెనాన్, నికాన్ జూమ్ రింగులే ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి, లెన్స్ బిగించే దిశ కూడా అంతే. అది మార్చలేం. మార్చగలిగినవి మార్చండి: చక్రాల దిశ, మీటర్ గీత దిశ, ఐఎస్ఓ బటన్ స్థానం, బొటనవేలికి ఇచ్చిన పని. పనిలో ఒకదాన్ని దగ్గరి దృశ్యాలకు, ఇంకోదాన్ని దూరానికి కేటాయిస్తే చేతికి ఏ కెమెరా ఏదో బరువుతోనే తెలుస్తుంది.

టచ్ స్క్రీన్ ఉంటే డయళ్లు అనవసరమా?

ట్రైపాడ్ మీద అవును, కంటికి ఆనించి తీసేటప్పుడు కాదు. గాజుకు మెట్లుండవు, ఎన్ని క్లిక్కులు వేశారో వేలు లెక్కపెట్టలేదు. ఎడమ కంటితో చూసేవాళ్లకు ఇంకో ఇబ్బంది, ముక్కు తగిలి ఫోకస్ పాయింట్ జరిగిపోతుంది. టచ్ ప్రాంతాన్ని స్క్రీన్‌లో ముక్కు తగలని భాగానికి పరిమితం చేసే ఎంపిక ఉంటుంది, అది పెట్టుకోండి.

వీడియోకు ఇవే అమరికలు పనికొస్తాయా?

సగమే. వీడియోలో షట్టర్ స్పీడ్‌ను దాదాపు ముట్టుకోరు. సెకనుకు 25 ఫ్రేములైతే 1/50 దగ్గర పెట్టి వదిలేస్తారు. వెలుగును ఎన్‌డీ ఫిల్టర్‌తోనో (లెన్స్ ముందు పెట్టే నల్లటి గాజు), ఎపర్చర్‌తోనో సర్దుతారు. అందుకే ఎపర్చర్ రింగులో క్లిక్ తీసేసే మీట ఉన్న లెన్సులు వీడియోవాళ్లకు ఇష్టం, శబ్దం లేకుండా మెల్లగా తిరుగుతుంది. ఫొటోకు, వీడియోకు సెట్టింగులు విడివిడిగా దాచే కెమెరా అయితే ఆ ఎంపిక వెంటనే ఆన్ చేయండి.

అన్ని కంపెనీలూ ఒకే అమరిక పెట్టొచ్చు కదా?

ఫిల్మ్ కాలంలోనే దారులు విడిపోయాయి. 1972లో ఒలింపస్ ఓఎం-1 షట్టర్ రింగును లెన్స్ మౌంట్ చుట్టూ పెట్టింది, ఎక్స్‌పోజర్ పని అంతా ఎడమ చేతికే ఇచ్చింది. 1978లో కెనాన్ ఏ-1 ప్రోగ్రామ్‌తో సహా అన్ని మోడ్‌లనూ ఒకే బాడీలోకి తెచ్చింది. 1985లో మినోల్టా 7000 డయళ్లు తీసేసి బటన్లు పెట్టింది. మరుసటి ఏడు వచ్చిన కెనాన్ టీ90లో చూపుడు వేలి కింద ఒక చక్రం వచ్చింది, ఇవాళ్టి దాదాపు ప్రతి కెమెరాలో ఉన్నది ఆ చక్రమే. ఎవరి వినియోగదారులు వాళ్ల అమరికకు అలవాటుపడ్డారు. కంపెనీ మారిస్తే వాళ్ల వేళ్లు మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి, అందుకే ఏ కంపెనీ తన అమరికను తేలిగ్గా వదులుకోదు.

చలిలో గ్లవ్స్ వేసుకుంటే బటన్లు తెలియడం లేదు.

చక్రాలు, రింగులు గ్లవ్స్‌తో కూడా తిరుగుతాయి, చిన్న బటన్లే తెలియవు. కాబట్టి బయలుదేరే ముందే ఐఎస్ఓను ఆటోలో పెట్టి, కాంపెన్సేషన్‌ను నేరుగా చక్రానికి ఇచ్చి, ఎపర్చర్‌ను లెన్స్ రింగుకు అప్పగించండి. బొటనవేలు, చూపుడు వేలు కొసలు తెరుచుకునే రకం గ్లవ్స్ ఉంటాయి, మెనూలోకి వెళ్లాల్సి వచ్చినప్పుడు పనికొస్తాయి.